ఎడమచేతి షాక్

ఆ ఉదయం ఆర్వల్ టిబెట్స్ వేసుకున్న పథకం చిన్నదే. కాఫీ తాగాలి, కొత్త విల్లు కొసలు గీకాలి, మధ్యాహ్నానికల్లా దాని పొగరు అణచాలి. బోడార్క్ కట్టెతో చెక్కిన ఆ విల్లు చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ, బాణం వదిలినప్పుడల్లా పట్టుకున్న చేతిని గాడిదలా తన్నుతోంది. కొసల్లో బరువెక్కువైతే అంతే. బాణం తీసుకుపోగా మిగిలిన బలం ఎటు పోవాలో తెలియక వచ్చి చేతి మీద పడుతుంది.

భార్య లియోటా పోయినప్పటి నుంచి ఆర్వల్‌లో మిగిలిన బలమంతా విల్లుల మీద పడుతోంది. అమెరికాలో, ఓజార్క్ కొండల్లో విసిరేసినట్టున్న ఆ ఇంటికి పోస్టు బండి తప్ప ఇంకో బండి రాదు. అదీ గేటు దగ్గరే ఆగుతుంది. అతనికి మనిషి గొంతు కావాలి. మొహమాటం కొద్దీ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఫోను మోగింది. నాడీన్. చర్చిలో ప్రార్థన గొలుసు ఆవిడతోనే మొదలు. ఎవరికైనా కష్టమొస్తే ఆవిడ ఒకరికి ఫోను చేస్తుంది, వాళ్ళు ఇంకొకరికి చేస్తారు, కాసేపటికి ఊరంతా మోకరిస్తుంది.

"ఎలా ఉన్నారు బ్రదర్? ఆదివారం కనబళ్ళేదు."

"ఏం చెప్పమంటారు సిస్టర్, ఎడం చేతికి ఒకటే షాక్ కొడుతోంది. మోచేతి దాకా పాకి, పళ్ళు కూడా కదిలిపోతున్నాయి."

"అయ్యయ్యో, ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి. కంగారేం లేదు. కత్తి పెట్టి రెండు పక్కలా కాస్త గీకేస్తే సర్దుకుంటుంది."

"మీరే గీకేస్తారా? డాక్టరుకి చూపించరా?"

"ఇందులో డాక్టరుకేం తెలుస్తుంది?" అన్నాడు ఆర్వల్, ఉన్నమాటే. ఆవిడ ఇంకాసేపు మాట్లాడుతుందేమోనని ఆశపడ్డాడు. అప్పటికే పెట్టేసింది.

అతను ఉసూరుమంటూ విల్లు ముందేసుకుని కొసలు సన్నగా తీస్తుంటే, అవతల గొలుసు కదిలింది. నాడీన్ "గుండెపోటులా ఉంది" అని చెప్పింది. రెండో ఆవిడ తొందరలో ఆ 'లా' వదిలేసింది. మూడో ఆవిడకి చెవుడు. నాలుగో ఆవిడ, పాపం ఆర్వల్ భార్య దగ్గరికే వెళ్ళిపోయాడని కళ్ళు తుడుచుకుని పొయ్యి వెలిగించింది. చావు కబురు వింటే ఆ ఊళ్ళో ముందు చేసే పని వంటే.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఒళ్ళంతా చెక్కపొట్టుతో, చేతిలో విల్లుతో ఆర్వల్ తలుపు తీశాడు. ఎదురుగా నల్లసూటులో పాస్టర్ గారు, వెనకాల జనం. వాళ్ళ చేతుల్లో పంది మాంసం హామ్, చీజు వేసి కాల్చిన బంగాళాదుంపలు, పెకాన్ గింజల తీపి 'పై'. చావింట్లో కలిసిపోకుండా ప్రతి గిన్నె అడుగునా టేపు అంటించి పేరు రాసుకున్నారు.

"ఎవరు పోయారు?" అడిగాడు ఆర్వల్.

పాస్టర్ గారు కాస్త ఇబ్బందిగా కదిలారు. "మీరే, బ్రదర్."

"నాకెవరూ చెప్పలేదే."

"మరి ఎడం చెయ్యి?" అంది నాడీన్ వెనక నుంచి.

"విల్లు తన్నింది సిస్టర్."

"నేను 'లా' అనే చెప్పాను" అంది నాడీన్, రెండో ఆవిడ వంక చూస్తూ.

ఇక వెళ్ళిపోతారు కదా అని ఆర్వల్‌కి దిగులేసింది. కానీ హామ్ వేడిగా ఉంది, అందరూ ఆకలి మీద ఉన్నారు. లియోటా అంత్యక్రియల తర్వాత ఆ ఇంట్లో కుర్చీలన్నీ నిండడం ఇదే. పాస్టర్ గారు సిద్ధం చేసుకొచ్చిన నాలుగు మంచిమాటలూ వృథా చేయడమెందుకని చెప్పేశారు. మరీ ఎక్కువ పొగుడుతున్నారని ఆర్వల్‌కి తెలుస్తూనే ఉంది. అయినా ఆపలేదు.

తిన్నాక పాస్టర్ గారు సరదాపడి పెరట్లో ఓ బాణం వేశారు. బాణం కంచె దాటింది. చేతిలో విల్లు కిక్కురుమనలేదు.

"షాకేం లేదే" అన్నారు.

"అయితే తగ్గిపోయినట్టేగా, దేవుడికి స్తోత్రం" అని నాడీన్ లేచింది. ఆవిడతో పాటే అందరూ లేచారు. మనిషి బతికే ఉన్నాడు కనుక, మిగిలిన తిండితో సహా గిన్నెలు పట్టుకుపోయారు.

ఆర్వల్ కుర్చీలు ఒక్కొక్కటే గోడకి జరిపాడు. అంత మంచి విల్లు అతను ఎన్నడూ చెయ్యలేదు. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది.

"చెయ్యెలా ఉంది బ్రదర్?"

ఆర్వల్ గోడకున్న విల్లు వంక చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఎడం చెయ్యి తగ్గింది సిస్టర్. ఇప్పుడు కుడిది మొదలైంది."