ఆరోగ్యానికి మా మేడ ఇచ్చిన కొలత

మా మేడలోని పదహారు కుటుంబాలూ విజ్ఞానశాస్త్రాభివృద్ధి నిమిత్తం తమ తమ మలాన్ని స్వచ్ఛందంగా సమర్పించుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించాయి. తీర్మానం కాగానే చప్పట్లు కూడా కొట్టాం. ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు.

కారణం మా అమ్మాయి. సిటీ బస్సు నడిపే ఉద్యోగానికి ఎంపికైంది. శిక్షణ అయిపోయింది, యూనిఫారం కుట్టించుకుంది. ఆరోగ్యంగా ఉన్నట్టు ఆస్పత్రి కాగితం ఒక్కటే మిగిలింది. నెలాఖరులోగా అది చూపించకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. దీనికేమో రెండేళ్ళుగా కడుపు నిలవదు. తిన్న కాసేపటికే పరుగు. చూసిన డాక్టర్లందరూ టెన్షన్ అన్నారు. టెన్షన్ వల్లే అయితే ఆ జబ్బు నాకు రావాలి. బస్సు నిండా జనం, నడి వంతెన, దీని కడుపులో మెలి. ఇదే తలుచుకుని నేను నిద్రలో కూడా బ్రేకు తొక్కుతున్నాను.

చివరికి ఒక ముసలి డాక్టరుగారు కొత్త పరీక్ష రాశారు. మలంలో పిత్తామ్లాలు కొలుస్తారట. ల్యాబు అమ్మాయి నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"కొవ్వు అరగడానికి కాలేయం పిత్తాన్ని పంపిస్తుంది ఆంటీ. పనయ్యాక అది మళ్ళీ వెనక్కి పోవాలి. కొంతమందిలో పోకుండా పెద్దపేగులోకి దిగిపోయి అక్కడ నీళ్ళు ఊరిస్తుంది. అదే అయితే పొడి మందు ఉంది. నీళ్ళలో కలుపుకుని తాగడమే."

"కాన్సరు కాదు కదమ్మా?"

"ఇంకా కొలవనే లేదు ఆంటీ."

చిక్కల్లా ఒక్కటే. మిషను కొత్తది. ఎంత ఉంటే ఎక్కువో తేలాలంటే, ముందు ఈ చుట్టుపక్కల ఆరోగ్యవంతుల్లో ఎంత ఉంటుందో తేలాలి. ఆరోగ్యవంతులు దొరికేదాకా మా అమ్మాయి జబ్బు ఆగాలి. అందుకే నేను మేడ సంఘాన్ని బతిమాలుకున్నాను.

సంఘాధ్యక్షులవారికి టైల్స్ కొట్టు ఉంది. ఏ విషయాన్నైనా నున్నగా పరవగలరు. "రేపు ఆరోగ్యమంటే ఏమిటని ప్రపంచం అడిగితే మన డబ్బాల వైపు వేలు చూపించాలి. ఈ మహత్కార్యంలో ఏ ఒక్క ఇల్లూ వెనకబడరాదు" అన్నారు. మూతకు చెంచా అతికించి ఉన్న తెల్ల డబ్బాలు ఇంటికొకటి పంచారు.

డబ్బా చేతికొచ్చాక గానీ ఎవరికీ భయం పుట్టలేదు. లోపల ఏముందో ఎవరికి తెలుసు? లెక్క తేడాగా వస్తే? పై అంతస్తువాళ్ళకు మంచిగా వచ్చి మనకు రాకపోతే? ఆ సాయంత్రమే మూడో అంతస్తు వదినగారు వచ్చి, పంచదార అడిగినంత మెల్లగా అడిగారు.

"అన్నయ్యగారిది ఒక్క చెంచా సర్దుతారా వదినా?"

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. గడియారాల సంగతి ఎలా ఉన్నా ఆయన కడుపు మాత్రం నిమిషం తప్పదు. ఏం తిన్నా అరుగుతుందని మేడంతా పేరు. అధ్యక్షులవారు మొదలు అందరూ చీకటితోనే డబ్బాలు పట్టుకొచ్చారు. ఎవరికి వారు తామొక్కరే వచ్చామనుకున్నారు. ఏనాడూ పలకరించనివారు కూడా "అన్నగారూ, మీ దయ" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంత నిటారుగా కూర్చోవడం నేను చూడలేదు. నా భయమల్లా ఎవరి మూతైనా ఊడి లిఫ్టులో పడుతుందేమోనని.

పదహారు డబ్బాల లెక్కా చుక్క తేడా లేకుండా ఒకటే వచ్చింది. ల్యాబు పెద్దసారు స్వయంగా వచ్చి మమ్మల్ని అభినందించారు. "ఇంతటి సామరస్యం ఏ దేశపు పరిశోధనలోనూ చూడలేదు. మీకు గోడలు వేరు గానీ పేగు ఒక్కటే." కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ కొలత ప్రకారం ప్రపంచంలో మా ఆయన ఒక్కరే ఆరోగ్యవంతులు. సరదాగా కొలిపించుకున్న పెద్దసారు కూడా రోగే. మరి మా అమ్మాయికి నిజంగా జబ్బుందో లేదో తేలేదెలా? ఇక ఉండబట్టలేక ల్యాబు అమ్మాయికి చెప్పేశాను.

"పదహారూ అంకుల్‌వేనా?"

"మా ఇంటిది మాత్రం న్యాయంగా ఆయనదేనమ్మా."

మళ్ళీ డబ్బాలు పంచారు. ఈసారి నిజాయితీని ప్రోత్సహించాలని అధ్యక్షులవారు ఒక సదుపాయం ప్రకటించారు. కొలత తేడాగా వచ్చినవారికి లిఫ్టులో మొదటి వంతు, గేటు పక్కన బండి పెట్టుకునే చోటు.

తెల్లారకముందే తలుపు చప్పుడైంది. మా ఆయన తల దువ్వుకుని వెళ్ళి తీశారు. వదినగారు ఆయన భుజం మీదుగా లోపలికి చూసి, "అమ్మాయి లేచిందా?" అన్నారు. పాపం ఆయన మొహం చూడలేకపోయాను.

"వద్దు వదినా, దాని కాగితం దీని మీదే ఆధారపడి ఉంది."

"నా ఒక్కదాని చెంచాతో ఏమవుతుంది? మిగతావాళ్ళు నిజమైనవే ఇస్తారుగా."

వెనక మెట్ల మీద ఆ మిగతావాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. నేను తలుపు మూసేలోపే మా అమ్మాయి, "తీసుకోండి అత్తయ్యా, మా దగ్గర కొరత లేదు" అంది. పెద్దలంటే దానికి గౌరవం.

ఈసారీ ఒకటే లెక్క వచ్చింది. అందరిదీ ఒకటే గనక అదే సరైన ఆరోగ్యమని పెద్దసారు ఖాయం చేశారు. ఎవరికీ తేడా లేదు గనక బండి పెట్టుకునే చోటు ఎవరికీ దక్కలేదు. మా అమ్మాయి సంపూర్ణ ఆరోగ్యవంతురాలని ముద్ర వేసిన కాగితం చేతికిచ్చారు. ఉద్యోగం నిలిచింది. మొదటిసారి కొలతను బట్టి, అందరిలాగా లేని ఒకే ఒక్క మనిషి మా ఆయన. ఆయన పేరు రోగుల్లో రాసుకున్నారు.

కానీ కడుపుకు చదువు రాదు గదా. కాగితం తెచ్చుకున్న రోజు కూడా మా అమ్మాయి పరుగు ఆగలేదు. మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆరోగ్యవంతులకు మందు రాయడానికి ఆస్పత్రి నిబంధనలు ఒప్పుకోవు. ఆయన కాగితం చూశారు, అమ్మాయిని చూశారు, పక్కన దిగులుగా కూర్చున్న మా ఆయన్ని చూశారు.

"ఈయనకు రాస్తాను. ఇంట్లో ఎవరు తాగుతారో నేను వచ్చి చూడను" అన్నారు.

పొడి మా ఆయన పేరున వస్తుంది, అమ్మాయి తాగుతుంది. వారం తిరక్కుండా పరుగు కట్టింది. ఇప్పుడు బస్సును ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి దారిలో దిగకుండా నడుపుతోంది. ఇంత తేలిగ్గా నయమైందంటే ఇంకేదో ఉందేమోనని నా భయం, అది వేరే సంగతి.

మా మేడ ఇచ్చిన కొలత ఆస్పత్రి గోడ మీద అచ్చువేసి అంటించారు. రేపు మీరు వెళ్ళినా మిమ్మల్ని దానితోనే కొలుస్తారు. మీరు మాత్రం మీ సొంతదే ఇస్తారని నాకు గట్టి నమ్మకం. ఒకవేళ ధైర్యం చాలకపోతే ముందే చెబుతున్నాను, అమ్మాయి మందు వాడుతోంది గనక మా ఇంట్లో ఆరోగ్యం అయిపోయింది. రోగమైతే ఉంది, రోజూ ఆరింటికి తాజాగా. డబ్బా మీరే తెచ్చుకోవాలి.