దేవప్ప బొజ్జ, మనూర్ బస్సు

కార్తీకంలో నారాయణఖేడ్‌కు తెల్లవారడానికి పెద్ద తొందరేమీ ఉండదు. మంచు జొన్నచేల మీదుగా ఊళ్లోకి వచ్చి, బజారంతా ఒకసారి తిరిగి, ఇక వెళ్దామా వద్దా అని ఆలోచిస్తూ కూర్చుంటుంది. ఆ రోజు దేవప్ప కూడా అలాగే మంచం మీద కూర్చుని ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. అన్నీ పడ్డాయి. నమ్మకం కుదరక విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ పడ్డాయి.

అతని పథకం చిన్నదే. మధ్యాహ్నానికి డిపో మేనేజర్ సంగారెడ్డి నుంచి వస్తాడు. దేవప్పను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి చూస్తాడు. సీటుకూ స్టీరింగ్‌కూ నడుమ మనిషి పడితే మళ్లీ బస్సు ఇస్తాడు, పట్టకపోతే రిటైరయ్యేదాకా టైర్ల గోదామే. అంతవరకూ దేవప్ప కళ్లు తిరిగి పడిపోకుండా నిలబడగలిగితే చాలు.

ఒకప్పుడు దేవప్ప పెళ్లి బంతిలో కూర్చున్నాడంటే వంటవాళ్లు రెండో పొయ్యి రాజేసేవారు. తిండి అంటే ఎంత ఇష్టమో బస్సు అంటే అంత ఇష్టం. ఆ రెండు ఇష్టాలకూ పొసగలేదు. బొజ్జ పెరిగి పెరిగి స్టీరింగ్ నడుమ ఉన్న హారన్‌ను ముట్టుకుంది. మలుపు తిప్పితే హారన్, గుంతలో పడితే హారన్, ఆఖరికి నిట్టూర్చినా హారన్. దారిలోని బర్రెలు ఆ మోతకు అలవాటుపడి పక్కకు జరగడం మానేశాయి. దాంతో మేనేజర్ అతన్ని బస్సు దించి గోదాముకు పంపాడు.

గోదాములో టైర్ల మధ్య కూర్చుని దేవప్ప చాలాసార్లు ఏడ్చాడు. హైదరాబాద్‌లో ఒక డాక్టరు విదేశంలో నేర్చుకొచ్చి, సంచి మూతి కుట్టినట్టు కడుపును కుట్టి చిన్నది చేస్తున్నాడని విన్నాడు. చుట్టాల పెళ్లని చెప్పి పోయి కుట్టించుకొచ్చాడు. కడుపు కోసినవాడికి స్టీరింగ్ ఇవ్వరేమోనని భయం. అందుకే ఎందుకు చిక్కిపోతున్నావని అడిగినవాళ్లందరికీ, భార్యకు కూడా, ఉపవాసాలుంటున్నానని చెప్పాడు. భక్తి ఎక్కువైందనుకుని జనం నమ్మారు.

చిన్న కడుపుతో కాపురం ఎలా చేయాలో మాత్రం అతనికి తెలియలేదు. మునుపటిలా ముద్ద మింగేవాడు, వెంటనే పెరట్లోకి పరుగెత్తేవాడు. చొక్కా బిగించమని దర్జీ యోసేపు దగ్గరికి పోయినప్పుడు, కొలత తీస్తున్న యోసేపు చేయి కుట్ల మచ్చ మీద ఆగింది. యోసేపు తన చొక్కా పైకెత్తి చూపించాడు. అల్సర్‌కు సగం కడుపు తీసేసిన గాటు.

"మనం ముగ్గురమైనం అన్నా" అన్నాడు యోసేపు.

మూడో మనిషి సిర్గాపూర్ హన్నమ్మ. కూలిపని చేసుకునే మనిషి. ముగ్గురిలోకీ ముందు కడుపు కోయించుకున్నది కాబట్టి పెద్దరికం ఆమెదే. ఆదివారం ప్రార్థన ముగిశాక ముగ్గురూ యోసేపు దుకాణం వెనక కూర్చునేవారు. నోట్లో ముద్ద నీళ్లయ్యేదాకా నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు. తీపి ముట్టకూడదు, ముడితే ముందు గుండె దడ, తర్వాత చెమట, ఆపైన మొద్దునిద్ర. "కడుపు శిన్నగైంది గని కన్ను శిన్నగ గాలే తమ్మీ. కన్నుకు ఆపరేషన్ లేదు" అనేది హన్నమ్మ. తిండి గుర్తొచ్చి ఒకరికి ఏడుపొస్తే మిగతా ఇద్దరూ పక్కన కూర్చుని ఏడవనిచ్చేవారు. దేవప్పకు ఆ ఆదివారాలంటే ప్రాణం.

చొక్కా తొడుక్కుని గడప దాటబోతుంటే భార్య లక్ష్మవ్వ అడ్డం వచ్చింది. చేతిలో ఆకు, ఆకులో రొట్టె, బెల్లం కలిపి దంచిన మలీద ముద్దలు.

"అంజన్న పసాదం. మంచి పనికి పోతున్నవ్, నోరు తీపి జేస్కొని పో."

"వద్దే. తీపి పడది నాకు."

"దేవుని పసాదం గూడ పడదా?"

లక్ష్మవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవప్ప ఒక ముద్ద భార్య కోసం తిన్నాడు. రెండోది తన కోసం తిన్నాడు. నెయ్యి వాసన ముక్కులోంచి ఎక్కడో చిన్నతనంలోకి పోయింది.

డిపో గేటు చేరేసరికి లోకం మెత్తబడిపోయింది. బస్సులు మంచులో పాలరంగు తేలి, కుంటలో బర్రెల్లా కదులుతున్నాయి. ధైర్యం చెప్పడానికి హన్నమ్మ, యోసేపు ముందే వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. దేవప్ప నుదుటి మీద చెమట చూడగానే హన్నమ్మ ముక్కు ఎగబీల్చింది.

"బెల్లం తిన్నవ్."

"రెండే ముద్దలక్కా."

"ఇగ ఆగుతదా? యోసేపు, గోనెసంచి పరువు. పండుకుంటే దిగుతది. మేనేజర్ వచ్చెటాళ్లకు లేపుదాం."

యోసేపు గేటు పక్కన సంచి పరిచాడు. దేవప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చలిగా ఉందని హన్నమ్మ తన తెల్ల దుప్పటి అతని భుజాల చుట్టూ కప్పింది. ఇద్దరూ చెరో పక్క కాపలా కూర్చున్నారు.

మనూర్ రైతు ఈరయ్య అక్కడే బస్సు కోసం ఎదురుచూస్తున్నాడు. నిరుడు దసరా ముందు ఆగిపోయిన మనూర్ బస్సు ఈ పొద్దైనా వస్తుందేమోనని ఆశ. మనసున్న మనిషి కావడంతో, గోడకు ఆనుకున్న మనిషి నీరసం చూసి తన పొట్లంలోంచి మిర్చి బజ్జీ తీసి ఇవ్వబోయాడు.

"గాయనకు ఏం పెట్టకు. తినడు" అంది హన్నమ్మ.

"ఎందుకు తినడు?"

"తినడంటే తినడు. నువ్వు జరుగు, నిద్రబోనీ."

ఈరయ్య జరిగాడు గానీ అతని మనసు జరగలేదు. పాన్‌డబ్బా వాడి దగ్గరకు పోయి అడిగాడు.

"గా పెద్దమనిషా? నెలల సంది ఉపాసముంటుండు. సగానికి సగం గుంజుకపోయిండు సూడు" అన్నాడు పాన్‌డబ్బా వాడు సున్నం రాస్తూ.

ఈరయ్య వెనక్కి తిరిగి చూశాడు. డిపో గేటు. పరిచిన సంచి. తెల్ల దుప్పటి కప్పుకుని కళ్లు మూసుకున్న మనిషి. చెరో పక్క ఒక్కొక్కరు. నెలల ఉపవాసం. నారాయణఖేడ్ తాలూకాలో అక్షరం ముక్క రానివాడు కూడా ఆ దృశ్యానికి అర్థం చెప్పగలడు. ఆ ముక్కూమొహం తెలియని మహానుభావుడు తమ మనూర్ బస్సు కోసం నిరాహార దీక్ష చేస్తున్నాడు! ఈరయ్య సంతలోకి ఉరికాడు.

ఇక్కడ దేవప్ప కల కంటున్నాడు. బస్సు ఇంజను చప్పుడు లేకుండా జొన్నకంకుల మీద తేలుతోంది. కిటికీల పక్కన జొన్నరొట్టెలు వరుసగా కూర్చున్నాయి. వెనక సీట్లో పుంటికూర, మాంసం ఏదో గుసగుసలాడుతున్నాయి. ఎవరూ అతన్ని పిలవడం లేదు, అతనూ ఎవరినీ తినడం లేదు. స్టీరింగ్ అతని చేతుల్లో వెన్నలా తిరుగుతోంది. హారన్ మోగడం లేదు. ఇంత సుఖం దేవప్ప మెలకువలో ఎన్నడూ ఎరగడు.

"మనూర్ బస్సు!" "పెట్టాలె, పెట్టాలె!"

కళ్లు తెరిచాడు. మెడలో బంతిపూల దండ ఉంది. ఎదురుగా సంతకు వచ్చిన మనూర్ జనమంతా నేల మీద కూర్చుని ఉన్నారు. ఒకడు డప్పు కొడుతున్నాడు. ఇది కల రెండో భాగం అనుకుని దేవప్ప మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

"పానం పోతుందేమో! నీళ్లు సల్లుండ్రి!" అని ఈరయ్య కేక వేశాడు. చన్నీళ్లు మొహాన పడ్డాక అది కల కాదని రూఢి అయింది.

"అక్కా, ఏందిది?" దేవప్ప మొహం తుడుచుకున్నాడు.

"నేనేం జేతు తమ్మీ! ఉపాసం గాదు, జరుగుండ్రి అంటే ఇంటలేరు. ఎందుకు తింటలేడని అడుగుతుండ్రు. కడుపు సంగతి జెప్పనని నీకు మాటిస్తి."

దేవప్ప లేవబోయాడు. నాలుగు చేతులు ప్రేమగా నొక్కి కూర్చోబెట్టాయి. "లేవకన్నా. బస్సొచ్చేదాక నిన్ను లేవనియ్యం" అన్నాడు ఈరయ్య కళ్లు తుడుచుకుంటూ. పేరు తెలియదు కాబట్టి అందరూ "అన్నకు జై" అంటున్నారు. మనూర్ బస్సు ఎందుకు ఆగిందో ఆ గుంపు మొత్తంలో తెలిసినవాడు ఒక్కడే. వాడు మెడలో దండ వేసుకుని మధ్యలో కూర్చున్నాడు.

మేనేజర్ జీపు వచ్చింది. దిగి, దండను చూశాడు. దండ వెనకున్న మొహాన్ని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"నువ్వా? నీకు స్టీరింగ్ ఇద్దామని సంగారెడ్డి నుంచి ఉరికొచ్చిన. నువ్వేమో నా గేటు ముంగటనే కూసుంటివి!"

ఇంత కాలం దేవప్ప కడుపు మాడ్చుకుని చేసిన తపస్సంతా ఒక్క పూట నిద్రకు గంగపాలైంది. "సార్, నేను దీక్ష జేస్తలేను" అన్నాడు ఏడుపు గొంతుతో.

ఎంత వినయమో అని జనం చప్పట్లు కొట్టారు.

"నిజంగ సార్. నాకు ఆకలైతలేదు!"

చప్పట్లు రెట్టింపయ్యాయి. మేనేజర్ చుట్టూ చూశాడు. జనం ఇంకా వస్తూనే ఉన్నారు. గొంతు తగ్గించి, లోకంలో ఏ అధికారైనా అప్పుడు చేసే పనే చేశాడు. నిమ్మరసం తెప్పించాడు. హోటలువాడు దీక్షాపరుడి మీద గౌరవంతో గ్లాసులో సగానికి చక్కెరే పోశాడు.

గ్లాసు దేవప్ప పెదవుల దగ్గరకు వచ్చింది. తాగితే ఇక్కడే, మేనేజర్ కాళ్ల దగ్గరే పడిపోతాడు. తాగకపోతే దీక్ష సాగుతుంది, కొలువు పోతుంది. హన్నమ్మ "వద్దు" అన్నట్టు తల ఊపింది. జనం "తాగన్నా, తాగు" అంటున్నారు. దేవప్ప గ్లాసు పక్కన పెట్టి, దండ పక్కకు తోసి, ఖాకీ చొక్కా పైకెత్తాడు.

"కడుపు కోయించుకున్న సార్. తీపి తాగితే పడిపోత. ఉపాసాలన్నీ అబద్ధం. మనూర్ బస్సు ఆగింది నాతోనే. గా బండి నడిపేటోణ్ని నేనే. నా బొజ్జ పట్టక దింపేసిండ్రు, ఇంకో డ్రైవర్ దొర్కలే."

డప్పు ఆగిపోయింది. ఈరయ్య దగ్గరకు వచ్చి అతని మొహంలోకి వంగి చూశాడు.

"హారన్ దేవప్పవా నువ్వు?"

"ఆ."

"నీ బొజ్జతోని మేం నిరుడు దసరా సంది నడుస్తున్నమా! నీకు దండేసింది నేనేనా!" ఈరయ్య దండ లాగబోయాడు.

హన్నమ్మ ఇద్దరి మధ్యకు వచ్చింది. "తీసుకో నీ పూలు. తిండి మీద పానమున్న మనిషి, మళ్ల బండెక్కాలని కడుపు కోయించుకున్నడు. పండుగపూట గుడ ఇన్ని మెతుకులు తిని లేసిండు. నువ్వు జేస్తవా?"

ఈరయ్య చేయి దండ మీదే ఆగిపోయింది. తన చేతిలోని బజ్జీల పొట్లం చూసుకుని వెనక దాచుకున్నాడు.

మేనేజర్ షెడ్డులో నిలబెట్టి ఉన్న మనూర్ బస్సు వైపు చేయి చూపించాడు. దేవప్ప ఎక్కాడు. కూర్చున్నాడు. జనమంతా ఊపిరి బిగబట్టి హారన్ కోసం చెవులు రిక్కించారు. స్టీరింగ్ కుడికి పూర్తిగా తిప్పాడు. ఎడమకు పూర్తిగా తిప్పాడు. దేవప్పకూ హారన్‌కూ నడుమ యోసేపు తన అరచేయి అడ్డంగా పెట్టి, ఆ ఖాళీని ఊరంతటికీ చూపించాడు. చప్పుడు లేదు. దేవప్ప స్టీరింగ్ మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కలలోని సుఖం అలాగే వచ్చి అతని ఒళ్లో కూర్చుంది.

"కడుపు సంగతి డాక్టర్‌ను నేను అడుగుత" అన్నాడు మేనేజర్. "బండి మాత్రం నీదే. ముందుగాల ఈ జనాన్ని నా గేటు ముంగటకెల్లి తీస్కపో."

ఒక్క దెబ్బకు అందరూ బస్సులోకి ఎగబడ్డారు. దేవప్ప చేయి గేరు మీద పడింది. కిటికీలోంచి హన్నమ్మ చేయి వచ్చి దాన్ని ఆపింది. రెండో చేతిలో చిన్న గిన్నె, గిన్నెలో జొన్న సంకటి.

"నీ తినే యాళ్లయింది. ఖాళీ కడుపుతోని బండి కదిలిస్తే నేనూకోను."

"దారిల తింటనక్కా."

"నమిలితేనే తిన్నట్టు. నడుపుకుంట నములుతవా?"

దేవప్ప మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బస్సంతా కళ్లప్పగించి చూస్తోంది. సంకటి నీళ్లు కావడానికి దాని తీరిక దానికుంది. ఎండ కిటికీల్లోంచి మెల్లగా జరుగుతోంది. వెనక ఎవరో చంటిబిడ్డ నిద్రపోయాడు. "జల్దీ మింగరాదే!" అన్నాడు ఈరయ్య. హన్నమ్మ ఒక్క చూపు చూసింది. బస్సు నోరు మూసుకుంది.

లోపల ఆఫీసులో ఫోను మోగింది. పై ఆఫీసు నుంచి. మనూర్ బస్సు మళ్లీ పెట్టారని సంతోషమే గానీ, అది ఇంకా గేటు ఎందుకు దాటలేదని అడుగుతున్నారు. మేనేజర్ కిటికీలోంచి బయటకు చూశాడు.

"డ్రైవర్ నములుతుండు సార్" అన్నాడు.