మూడు ఊళ్లకు పంచిన సర్వరు

శుక్రవారం ఉదయం కర్నూలు చీరల అంగడిలో పెద్దసుబ్బయ్య వేసుకున్న లెక్క చిన్నదే. పది గంటలకు మిషను మొదలవుతుంది. ఏ రంగు చీర ఎంత అమ్ముడుపోయిందో పదీ నలభైకల్లా తేల్చి చెబుతుంది. పదకొండుకు నేతగాళ్ల మేస్త్రి రామప్ప వస్తాడు. దసరా ఆర్డరు అతని చేతిలో పెట్టి పంపేస్తే, మిగిలిన పూటంతా లాభం కిందే జమ.

ఈసారి లెక్క తప్పడానికి వీల్లేదు. పోయిన దసరాకు ఆయన తన అంచనా మీద చిలకపచ్చ చీరలు నేయించాడు. అవి బీరువాల్లో ఏడాదిగా కాపురం చేస్తున్నాయి. ఈ పండక్కి కూడా సరుకు మిగిలితే కొనుగోళ్ల గద్దె మీద తాను కూర్చుంటానని భార్య సుందరలక్ష్మి నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పింది. కోపం లేకుండా చెప్పినందుకే ఆయనకు భయం పట్టుకుంది. వెంటనే అమ్మకాలను విశ్లేషించే సర్వరు కొన్నాడు.

అది రెండువేల ఐదో సంవత్సరం. ఒక్క మిషనే బిల్లులన్నీ దాచాలి, లెక్క కట్టాలి, కాగితం మీద అచ్చు వేయాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి తేలేది. కంప్యూటర్ల పని చూసే దావీదురాజు వచ్చి, భారం ఎక్కువైందని, మూడు పనులూ మూడు మిషన్లకు పంచితే చురుగ్గా నడుస్తుందని చెప్పాడు. మూడింటినీ ఒకే బల్ల మీద పెట్టి వైర్లు కలుపుతానన్నాడు.

పంచడం పెద్దసుబ్బయ్యకు కొత్త కాదు. ముగ్గురు తోబుట్టువులూ తమ అంగళ్లలో అమ్మేది ఆయన పంచిన చీరలే. ఒకసారి తమ్ముడికి స్కూటరు కొనిచ్చి అక్కకు ఏమీ ఇవ్వకపోతే, ఆమె రెండేళ్లు ఆయన ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. అందుకే బిల్లులు దాచే మిషను కోయిలకుంట్లలో అక్క సుబ్బలక్ష్మమ్మ అంగడికి, లెక్క కట్టేది కల్లూరులో తమ్ముడు ఉమామహేశ్వర అంగడికి, అచ్చు వేసేది వేంపల్లెలో చెల్లెలు హేమావతి అంగడికి పంపించాడు.

"మూడూ ఒకే గదిలో ఉండాల శెట్టిగారూ," అన్నాడు దావీదురాజు.

"ఒకే గదిలో ఉంటే అది పంచినట్టు ఎట్లయితాదప్పా? నా ఒక్కనికే పెట్టుకున్నట్టయితాది."

మూడు ఊళ్లనూ కలిపేది టెలిఫోను తీగ ఒక్కటే. నెట్టు నడుస్తున్నంతసేపూ ఫోను పలకదు, ఫోను ఎత్తితే నెట్టు నిలిచిపోతుంది. ఈ సంగతి దావీదురాజు మూడుసార్లు చెప్పాడు. పెద్దసుబ్బయ్య మూడుసార్లూ తలూపాడు.

కోయిలకుంట్లలో ఎనిమిది నుంచి పది దాకా కరెంటు కోత. అది ముగియగానే లెక్క మొదలైంది. పదింబావుకు, ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని పెద్దసుబ్బయ్య కల్లూరుకు ఫోను చేశాడు. లైను ఖాళీ లేదు. తమ్ముడు ఎవరితోనో ముచ్చట్లు పెట్టుకున్నాడని తీర్మానించి, తమ్ముడి అంగడి పక్కనున్న పిండిమరకు ఫోను చేసి, లైను వదలమని గట్టిగా కబురు చెప్పించాడు. అన్న మాట తీసేయలేని ఉమామహేశ్వర వెంటనే నెట్టు వైరు పీకి ఫోనుకు తగిలించాడు.

"యాడిదాకా వచ్చిందిరా?"

"నువ్వు పిలిచేదాకా సగం వచ్చిందన్నా."

మళ్లీ మొదటి నుంచి. పదకొండుకు లెక్క పూర్తయింది గానీ అందుకునే దిక్కు లేదు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. కొత్త మిషనుతో ఆ వేళలో పని చేయించడం ఇష్టంలేక హేమావతి దాని మీద తువ్వాలు కప్పేసింది. పన్నెండుకు ఆమె తువ్వాలు తీసింది, కల్లూరులో కరెంటు పోయింది. కట్టిన లెక్కంతా మిషనుతో పాటే ఆరిపోయింది. కోత రెండింటి దాకా.

రామప్ప పదకొండు నుంచీ బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. నలభై మగ్గాలకు రేపే నూలు రంగులో ముంచాలి. మూడు గంటల బస్సుకు రంగులు తెలియకపోతే మగ్గాలు కడప వర్తకుడికి వెళ్లిపోతాయి. ఆ మాట అతను ప్రతి అరగంటకూ మర్యాదగా గుర్తుచేస్తూ వచ్చాడు.

రెండింటికి లెక్క మూడోసారి మొదలైంది. పెద్దసుబ్బయ్య చేయి తనంతట తానే ఫోను వైపు పోతుంటే, దావీదురాజు ఫోను డబ్బానే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దాన్ని ఇమ్మని ఒకరు, ఇవ్వనని ఒకరు. ఆ వాదన నలభై నిమిషాలు సాగింది. అంతసేపు ఎవరికీ ఫోను చేయలేదు గనక పని పూర్తయింది. కాసేపటికి వేంపల్లె నుంచి హేమావతే ఫోను చేసింది.

"వచ్చినాదన్నా, చదువుతాండా. ఒకటి, కుంకుమ రంగు. రెండు, వంకాయ రంగు. అన్నిటికన్నా కింద చిలకపచ్చ. అది ఒగటి గూడా పోలేదంట."

అది చీటీ మీద రాసుకుని పెద్దసుబ్బయ్య లోపలి గదిలోంచి రెండు అంగల్లో బయటికి వచ్చాడు. బల్ల ఖాళీగా ఉంది. సుందరలక్ష్మి చీరలు మడతపెడుతోంది.

"రామప్ప యాడ?"

"పంపించినా. మీరు ఫోను కోసం కొట్లాడుతాండారు కదా, ఆయప్ప నన్నడిగినాడు. కుంకుమ రెండు వంతులు, వంకాయ ఒక వంతు చెప్పినా. చిలకపచ్చ ఒగటీ వద్దన్యా."

ఆయన చేతిలోని చీటీని, ఆమె ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. రెండింటికీ నూలుపోగంత తేడా లేదు.

"నీకెట్ల తెలిసె?"

"ఈ ఏడాది మీ అక్క, మీ చెల్లెలు, మీ తమ్ముని పెండ్లాం నాకు తొమ్మిది చీరలు పెట్టినారు. తొమ్మిదీ చిలకపచ్చే. కుంకుమ రంగుది గానీ వంకాయ రంగుది గానీ ఒగటన్నా చేతికి రానిచ్చినారా? పోయే సరుకు ఎవరన్నా ఊరికే పెడతారా?" అని ఆమె మడతపెట్టిన చీరలు పక్కకు జరిపి, గద్దె మీద దుమ్ము దులిపి కూర్చుంది.

ఆ సాయంత్రం పెద్దసుబ్బయ్య చాలాసేపు లెక్క వేశాడు. మిషను చెప్పిందే ఆమే చెప్పింది గనక, మిషను తప్పని తేలితే తప్ప గద్దె తిరిగి రాదు. అది తేల్చాలంటే నాలుగో మిషను కావాలి, దాన్ని పెట్టడానికి ఆయనకు ఇంకో తోబుట్టువు లేరు.