తుమ్మ లేని చోట తుమ్మ నిర్మూలన

చిత్రావతి ఏటి గట్టంతా సర్కారు తుమ్మ కమ్ముకుని ఉండగా, దాని నిర్మూలన మహోత్సవానికి ఒక్క తుమ్మ కూడా లేని చోటును ఎంచుకోవడమెందుకు? సర్కారువారి జవాబు వినండి.

“పరదేశపు ముళ్లచెట్టును మన నదుల నుంచి వేళ్లతో సహా పెకలిస్తాం” అని మంత్రిగారు హిందూపురం సభలో గర్జించారు. వెంటనే పథకం అధికారి కేశవమూర్తిగారు ధర్మవరం వచ్చి, ఏటి ఒడ్డున ఉన్న పట్టుచీరల నేతగత్తె నాగరత్నమ్మ బావిగట్టును పరిశీలించారు. రంగద్దిన పట్టునూలు జాడించుకోవడానికి ఆమెకున్న ఆధారం ఆ బావి ఒక్కటే. ఏరు వచ్చి పోయినప్పుడల్లా తుమ్మకాయలు కొట్టుకొచ్చి మొలుస్తాయి. మేకలు తిన్నవి పెంటికల్లోంచి మొలుస్తాయి. మొలక వేలెడు లేవకముందే ఆమె వేరుతో లాగేస్తుంది. తుమ్మ వేరు భూమిలోని నీటినంతా తాగేస్తుంది; చుట్టుపక్కల బావులు అడుగంటినా ఆమె బావిలో నీళ్లున్నది అందుకే.

“ఈడ కారు తిరుగుతాది. వేదిక ఈడే,” అన్నారు అధికారి.

“ఈడ చెట్టే లేదు గదా సారూ, ఏం పీకుతారు?”

“ఆడ ముండ్లుండాయి గదమ్మా! మంత్రిగారికి గుచ్చుకుంటే నువ్వు జవాబు చెప్తావా?”

ఆ దూరదృష్టికి జోహార్లు. మర్నాడే పెనుకొండ నుంచి ట్రాక్టరులో తుమ్మమొక్కలు దిగాయి. వరసగా నాటి, ఎరువు వేసి, ఆమె బావినీళ్లే పోశారు. మంత్రిగారి పర్యటన వాయిదా పడింది. మళ్లీ పడింది.

“పెరుగుతాండాయి సారూ, పీకేస్తా.”

“తాకొద్దు! అవి మంత్రిగారు పీకాల్సినవి. పీకినావంటే కేసు పెడతా.”

వానలు పోయాక మంత్రిగారు విచ్చేశారు. మొక్కకు పసుపు, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, లాగారు. రాలేదు. కేశవమూర్తిగారు మంత్రిగారి నడుం పట్టుకుని లాగారు. మంత్రిగారు వచ్చారు, మొక్క రాలేదు. చివరకు రిబ్బను కోసిన కత్తెరతోనే కొన తుంచి కెమెరాలకు చూపించారు. చప్పట్లు మిన్నుముట్టాయి.

తుంచిన చోట గుబురుగా కొమ్మలు లేచాయి, వరసలో మిగతావి చెట్లయ్యాయి. మరుసటి వేసవికి నాగరత్నమ్మ చేదలో బురద వచ్చింది, మగ్గం ఆగింది. గట్టు మీదికి వచ్చిన అధికారికి ఆమె ఎదురు వెళ్లింది.

“మీ చెట్లు తీయించండి సారూ. బావి ఎండిపోయింది.”

“తీసేసినాం గదమ్మా! మంత్రిగారే తీసినారు. ఫోటో చూడలేదా?”

“మరి ఇవి ఏంది?”

“యాడ?” అన్నారు కేశవమూర్తిగారు, వాటి నీడలో ఆపిన కారులోంచి.

పాఠకుల్లో ఆనాడు చప్పట్లు కొట్టినవారున్నారు. లేవండి. గడ్డపారలు పట్టుకుని ఆ గట్టుకు రండి.