సాంబమూర్తి గారి నీళ్ల ఉపన్యాసం

ఆ ఉదయం సాంబమూర్తి వేసుకున్న పథకం చాలా తేలికైనది. ఎల్బీనగర్ వెళ్లాలి. విరేచనాలైనప్పుడు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు ఎలా చేసుకోవాలో జనానికి చూపించాలి. చూడటానికి ఢిల్లీ నుంచి వస్తున్న నిపుణుడి చేత ఓ మంచి మాట అనిపించుకోవాలి. ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటికొచ్చి ఉదయలక్ష్మి వేసే పెసరట్లు తినాలి. పెసరట్లను ఆఖరున పెట్టుకోవడంలోనే ఉంది అతని తెలివితక్కువతనమంతా.

అతను విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్య శాస్త్ర విభాగంలో ప్రొఫెసరు. పీజీ వాళ్లకు పాఠాలు చెబుతాడు, పరిశోధక విద్యార్థుల చేత థీసిస్‌లు రాయిస్తాడు. ఆ విభాగంలో ఆరోగ్యానికి లోటు లేదు, ప్రజలకే కొరత. ఏ బస్తీలో శిబిరం పెట్టినా టెంటు వేసినవాడు, మైకు తెచ్చినవాడు, నీడ కోసం దూరిన ముసలాయన తప్ప నాలుగో మనిషి ఉండడు. ఆ ముగ్గురి మీదే సాంబమూర్తి ‘ఆరోగ్యంలో సమాజ భాగస్వామ్యం’ అని వ్యాసం రాసి విదేశీ పత్రికలో వేయించుకున్నాడు.

ఈసారి ఆ పప్పులు ఉడికేలా లేవు. “ఢిల్లీ ఆయనకు జనం కనబడకపోతే మన విభాగాన్ని తీసుకెళ్లి హోమ్ సైన్స్‌లో కలిపేస్తారు మూర్తిగారూ” అని విభాగాధిపతి సూర్యప్రభ ముందే హెచ్చరించింది. “మీ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల్ని వంటల పరీక్షకు పంపుతారో, ఏం చేస్తారో మీ ఇష్టం.”

అందుకే ఏమీ తినకుండానే బకెట్టు, గ్లాసులు, ఉప్పు, పంచదార పట్టుకుని షేర్ ఆటో ఎక్కాడు. దారిలో అటెండర్ జంగయ్య ఫోన్ చేశాడు.

“సార్, టెంటు ఏసిండ్రు. చౌరస్తా ఎనక గల్లీల...”

మిగతాది ఆటో హారన్ మింగేసింది. “చౌరస్తాలోనా? సరే సరే, వచ్చేశా” అన్నాడు సాంబమూర్తి.

అవి తెలంగాణ ఉద్యమం ఉప్పెనలా ఉన్న రోజులు. ఏ చౌరస్తా చూసినా రిలే నిరాహార దీక్షల టెంటే. ఆ సంగతి హైదరాబాదులో పసిపిల్లలకు కూడా తెలుసు. సాంబమూర్తికీ తెలుసు. కానీ ఆటో అతన్ని టెంటు వెనకవైపు దింపింది, బ్యానరేమో రోడ్డు వైపు కట్టి ఉంది. వెనక నుంచి తొంగి చూస్తే పరుపుల మీద వరసగా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అతని ఉద్యోగ జీవితంలో తన కంటే ముందు జనం వచ్చి కూర్చోవడం అదే మొదలు. కళ్లు చెమర్చాయి. వాళ్ల మెడల్లో పూలదండలున్నాయి. ఢిల్లీ ఆయన కోసం తెచ్చినవి జంగయ్య వీళ్లకు వేసేశాడు కాబోలు అని సరిపెట్టుకున్నాడు.

బకెట్టు దింపి, గొంతు సవరించుకుని, “నేను డాక్టర్ సాంబమూర్తినమ్మా” అన్నాడు.

“డాక్టర్ సారొచ్చిండు” అని వాళ్లు సంతోషంగా సర్దుకు కూర్చున్నారు. దీక్షలో ఉన్నవాళ్లను చూసిపోవడానికి రోజూ ఎవరో ఒక డాక్టరు వస్తూనే ఉన్నాడు మరి. తనది మందులిచ్చే డాక్టరీ కాదనీ, థీసిస్ రాసి తెచ్చుకున్న డాక్టరీ అనీ సాంబమూర్తి సాధారణంగా ఎవరికీ చెప్పడు. ఆ రోజూ చెప్పలేదు.

ముందు వరసలో అంజమ్మ ఉంది. పోచంపల్లి నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో చీరల దుకాణం నడుపుతున్న మనిషి. సాంబమూర్తి ఆమె ముందు వంగి, “నోరు ఎండిపోతోందా అమ్మా?” అని అడిగాడు.

“ఎండదా సార్? పొద్దుగాల సంది కూసున్నం.”

“కళ్లు తిరుగుతున్నాయా?”

“జర జర తిరుగుతున్నయ్.”

పాఠ్యపుస్తకంలోని లక్షణాలన్నీ నడిచొచ్చి ఎదురుగా కూర్చున్నందుకు అతను పొంగిపోయాడు. గబగబా నీళ్లు కలిపి గ్లాసు అందించాడు.

“తాగొచ్చునా సార్?”

“తాగాలి. నేను చెప్తున్నాగా!”

డాక్టరు చెప్పాక అడ్డేముందని అంజమ్మ గటగటా తాగేసింది. సరిగ్గా అప్పుడే టీవీ కెమెరా ఆమె మీద వాలింది. జేఏసీ నాయకుడు అశోక్, అంజమ్మ మేనల్లుడే, పరిగెత్తుకొచ్చాడు.

“ఏయ్, ఎవలయ్యా నువ్వు? దీక్షల ఉన్న మా అత్తతోని చక్కెర నీళ్లు తాగిపిస్తవా?”

“దీక్షేంటండీ?” అన్నాడు సాంబమూర్తి.

ఆ ‘ఏంటండీ’ వినగానే అశోక్ కళ్లు చిన్నవయ్యాయి. “నీది ఏ ఊరు?”

అబద్ధం ఆడదామనుకున్నాడు. ఆకలికి ఏ ఊరి పేరూ తోచలేదు. “తెనాలి” అన్నాడు.

చుట్టూ మనుషులు ఒక్క అడుగు దగ్గరికి జరిగారు. తన సంతాప సభలో సూర్యప్రభ ఏం మాట్లాడుతుందో కూడా ఊహించేసుకున్నాడు. అతన్ని కాపాడింది అంజమ్మే.

“ఆగుండ్రి. ఆయనకేం ఎరుక? నాకు నెత్తి తిరుగుతున్నదంటే దయతోని ఇచ్చిండు. గిప్పుడు నా జాగ ఖాళీ అయింది, గంతే. గా జాగల సారే కూసుంటడు.”

“నేనా?” అన్నాడు సాంబమూర్తి.

“కూసోకుంటె ఎట్ల? నా దీక్ష చెడగొట్టింది నువ్వే కద” అంటూ ఆమె తన మెడలో దండ తీసి అతని మెడలో వేసింది.

కాసేపటికల్లా టీవీ తెర కింద అక్షరాలు పరుగెత్తాయి: తెలంగాణకు మద్దతుగా ఆంధ్రా ప్రొఫెసర్ నిరాహార దీక్ష. ఆ వెంటనే ఇంటి నుంచి ఫోన్.

“ఏవండీ, టీవీలో దండేసుకుని కూర్చుంది మీరేనా? ఏకాదశికి ఒక్కపూట ఉండమంటే కడుపులో మంట అంటారే! నడిరోడ్డు మీద ఉపవాసం ఉండటానికి ఏ మంటా లేదా?”

“అది కాదు ఉదయా...”

“పిండి రుబ్బేశాను. పక్కింటి వాళ్లకు వేసిపెడతాను” అని ఆమె ఫోన్ పెట్టేసింది. తన పెసరట్లు పక్కింటికి వెళ్లిపోవడం సాంబమూర్తి కళ్లారా చూసినట్టే అయింది.

టీవీ చూసి జనం రావడం మొదలైంది. బజారు నుంచి, దుకాణాల నుంచి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి తండోపతండాలుగా వచ్చారు. మాట్లాడమని మైకు చేతిలో పెట్టారు. అతనికి వచ్చింది ఒక్కటే ఉపన్యాసం. అదే అందుకున్నాడు.

“సోదరులారా! మన నీళ్లు బయటికి పోతున్నాయి. పట్టించుకోకపోతే మనిషి ఎండిపోతాడు!”

అశోక్ ఎగిరి రెండో మైకు అందుకున్నాడు. “ఇన్నరా! ఆంధ్రా సారే ఒప్పుకుంటుండు! మన కృష్ణా నీళ్లు పోతున్నయంటుండు!”

చప్పట్లతో టెంటు ఊగింది. సాంబమూర్తి బిత్తరపోయాడు. ఇన్నేళ్లలో ఈ వాక్యానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఉత్సాహం ఆగలేదు.

“పోయిన నీళ్లు మళ్లీ మనకు రావాలి! ముందుగా అందరూ చేతులు కడుక్కోవాలి!”

“ఢిల్లీ నాయకులు మన సంగతిల చేతులు కడుక్కున్నరంటుండు!” అన్నాడు అశోక్. ఈలలు మారుమోగాయి.

ఇక సాంబమూర్తికి తనమీద అదుపు తప్పింది. విరేచనాలు, ఈగలు, మూతలేని బిందెలు, ఏది వదిలినా అశోక్ గాలిలోనే అందుకుని నినాదం చేశాడు. ఈగలు ఎవరో మాత్రం అడక్కుండానే జనానికి అర్థమైపోయింది.

సూర్యప్రభ, ఢిల్లీ నిపుణుడు వచ్చింది అప్పుడే. వెనక గల్లీలోని ఖాళీ టెంటులో జంగయ్య ఒక్కడే కునుకు తీస్తుంటే, లేపి వెంటబెట్టుకొచ్చారు. రోడ్డు పట్టనంత జనం పిడికిళ్లెత్తి అరుస్తున్నారు. మధ్యలో దండతో తన ప్రొఫెసరు. సూర్యప్రభ గబుక్కున నిపుణుడికి అడ్డంగా నిలబడింది.

తెలుగు రాని నిపుణుడు అడిగాడు, “వీళ్లంతా ఏమంటున్నారు?”

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. “పోయిన నీళ్లు మళ్లీ రావాలంటున్నారు సార్” అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఇంతలో ఎండా ఆకలీ కలిసి సాంబమూర్తిని పక్కకు ఒరగేశాయి. “పరేషాన్ గాకుండ్రి, నీళ్లు తేండ్రి!” అంటూ అంజమ్మ అతని బకెట్టులోంచే గ్లాసు ముంచి నోటికి అందించింది. “తాగు సార్. పానముంటెనే కొట్లాట. గీయనకు గింత చాలు, దీక్ష ఇరమించిండని రాసుకోండ్రి.” జనం జేజేలు కొట్టారు. ఒక బస్తీ మహిళ ప్రొఫెసరుకే ఉప్పు పంచదార నీళ్లు పట్టి బతికించడం చూసి ఢిల్లీ నిపుణుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మర్నాడు సూర్యప్రభ అతన్ని గదికి పిలిచింది. ఉద్యోగం ఊడిందని సాంబమూర్తి ఇంట్లో చెప్పే వచ్చాడు. ఆమె మాత్రం లేచి నిలబడి కరచాలనం చేసింది.

“విభాగం నిలబడింది మూర్తిగారూ! ఇంతటి ప్రజా భాగస్వామ్యం దేశంలో ఎక్కడా చూడలేదన్నారాయన. ఇదే పద్ధతిలో, ఇదే ప్రొఫెసరు చేత రాష్ట్రంలో ఇంకోచోట కూడా చేయించమన్నారు. వచ్చే వారం మీరు విజయవాడ వెళుతున్నారు.”

“విజయవాడా?” అన్నాడు సాంబమూర్తి సన్నగా. “అక్కడ చౌరస్తాల్లో సమైక్యాంధ్ర దీక్షలు జరుగుతున్నాయండీ. వాళ్లూ టీవీ చూసే ఉంటారు.”

“అయితే ఇంకేం? టెంట్లు సిద్ధంగానే ఉన్నాయి” అందామె.

ఆ వారమంతా సాంబమూర్తి సెలవు పెట్టాడు. కారణం నీళ్ల విరేచనాలని చెప్పాడు.