ముందు రెండు, వెనక రెండు, డిక్కీలో ఒకటి

పైక్ హార్బర్ పట్టణంలో ఇకమీదట చక్రాల సమస్య ఉండదని మేయర్ ఓర్విల్ ప్రింగల్ గారు ప్రకటించారు. ప్రకటన హాకీ ఆట విరామంలో, ఐసు చదును చేసే యంత్రం మీద నిలబడి, మైకు పట్టుకుని చేశారు. యంత్రం ఆగలేదు. అది మైదానం చుట్టూ తిరుగుతూనే ఉంది, ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. అందువల్ల ప్రసంగం అన్ని వైపుల వాళ్ళకీ సమానంగా, తలా కొంచెం వినిపించింది. అంత సమదృష్టి గల నాయకుడు కెనడాలో, కనీసం మా ఉత్తర ఒంటారియోలో మరొకరు లేరు.

"బడి వ్యానుకి ఏ టైర్లు వెయ్యాలన్న గొడవ ముగిసింది! మూడు పక్షాలకీ న్యాయం జరిగింది! ముందు రెండు చక్రాలకీ వింటర్ టైర్లు! వెనక రెండింటికీ ఆల్ సీజన్! స్పేర్ టైరు ఆల్ వెదర్!"

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఊలు గ్లవ్స్ వేసుకున్నాను కనక చప్పుడు రాలేదు.

ఆ వ్యానుతో నాకేమిటి సంబంధమంటే, అందులో మా అమ్మాయి టిల్లీ ఎక్కుతుంది. దానికి అయిదేళ్ళు. మా ఇల్లు మిల్లు కొండ మీద, బడి కొండ కింద. దిగేటప్పుడు ఒక మలుపుంది. మలుపు తిరిగిన బండి బడికి వెళుతుంది. తిరగని బండి తిన్నగా సరస్సులోకి వెళుతుంది. చలికాలం మొదట్లో సరస్సు మీది ఐసు పిల్లిని మోస్తుంది కానీ వ్యానుని మొయ్యదు. ఇది తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పదో క్లాసు సగంలో మానేసినదాన్ని, నాకే తెలుసు.

టైర్ల సంగతి కూడా ఇక్కడ అందరికీ తెలిసిందే. వింటర్ టైరు రబ్బరు ఎంత చలిలోనైనా మెత్తగా ఉండి రోడ్డుని పట్టుకుంటుంది, ఎండాకాలంలో మాత్రం చెప్పులా అరిగిపోతుంది. ఆల్ సీజన్ టైరు ఎండకీ వానకీ బంగారం, చలి ముదిరితే హాకీ బిళ్ళలా గట్టిపడి జారుతుంది. ఆల్ వెదర్ టైరు మీద, మంచుకి పనికొస్తుందన్న గుర్తుగా, కొండ బొమ్మ, అందులో మంచు పువ్వు ఉంటాయి. ఏడాది పొడుగునా మార్చకుండా నడిపించొచ్చు, కానీ మాలాంటి కొండలకి అసలు వింటర్ టైరే గట్టిది. ఇంత తెలిసిన ఊళ్ళో గొడవ ఎలా వచ్చిందంటే, ఊరికి కౌన్సిల్ ఉంది.

ఆ ప్రకటనకి ముందు జరిగిన కౌన్సిల్ సమావేశానికి నేను టిల్లీని వెంటబెట్టుకుని వెళ్ళాను. బెర్నిస్ హ్రిచుక్ గారిది వింటర్ పక్షం. గాస్టన్ లవిన్ గారిది ఆల్ సీజన్ పక్షం. గాస్టన్ గారు ప్రతి ఏటా మొదటి మంచుకి ముందే బాతులతో పాటు ఫ్లోరిడా వెళ్ళి, మంచు కరిగాక బాతులతో పాటే తిరిగొస్తారు. అయినా ప్రజాసేవ మానరు. గోడ మీది తెరలో, చిలకల బొమ్మల పొట్టిచేతుల చొక్కాతో హాజరయ్యారు.

"గాస్టన్ గారూ, బయట మంచు కురుస్తోంది," అన్నారు బెర్నిస్ గారు.

ఆయన తన కిటికీలోంచి తొంగి చూశారు. "నాకేం కనపడట్లేదమ్మా. ఊరికే జనాన్ని భయపెట్టకండి. ఇవాళ పొద్దున ఆల్ సీజన్ టైర్ల మీదే బీచికి వెళ్ళొచ్చాను. ఒక్కసారి జారితే ఒట్టు."

"మీరున్నది ఫ్లోరిడాలో!"

"చూశారా మేయర్ గారూ, ప్రాంతీయ విద్వేషం!"

మూడో సభ్యుడు వెర్నాన్ స్పాట్ గారు లేచి, "మీ ఇద్దరికీ మధ్యలో ఆల్ వెదర్ అని ఒకటుంది కదా," అన్నారు.

"నువ్వు కూర్చోవయ్యా!" అన్నారు ఇద్దరూ. ఆ సమావేశంలో ఏకగ్రీవంగా తేలింది అదొక్కటే.

నేను చెయ్యెత్తాను. "మేయర్ గారూ, నాలుగు చక్రాలకీ ఒకటే రకం వేస్తే సరిపోతుంది కదండీ."

"ఏ రకం అమ్మాయ్?"

"చలికి ఆగేది ఏదైనా సరే. పిల్లలు ఎక్కే బండి."

ఆయన సభవైపు తిరిగారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశారా! ఏదైనా సరేనంటోంది ఈ తల్లి. ఒక మామూలు ఇల్లాలికి ఉన్న విశాల హృదయం మనకి లేకపాయె! పంచుకుందాం." అప్పుడు చక్రాలు పంచుకున్నారు. ఆ మహత్తర పరిష్కారానికి కారణం నేనేనని మేయర్ గారు చాలా చోట్ల చెప్పారట.

మంచు బాగా పడిన రోజు చూసి ప్రారంభోత్సవం పెట్టారు. కొండ మీద రిబ్బను కట్టారు. ముందు పెద్దలు ఒక చుట్టు వెళ్ళొస్తారనీ, తర్వాత పిల్లలు ఎక్కుతారనీ ఏర్పాటు. మేయర్ గారు, బెర్నిస్ గారు, వెర్నాన్ గారు, ఒక పేపరు విలేకరి ఎక్కారు. డ్రైవరు వైనో. నేను టిల్లీ కోటు టోపీని వెనకనించి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అది ఎక్కడికీ పోవట్లేదు, అయినా పట్టుకున్నాను.

వ్యాను కొండ దిగింది. మలుపు దగ్గర ముందు చక్రాలు బెర్నిస్ గారి మాట విన్నాయి. వెనక చక్రాలు గాస్టన్ గారి మాట విన్నాయి. వెనక భాగం ముందుకొచ్చింది, ముందు భాగం వెనక్కెళ్ళింది. వ్యాను బొంగరంలా తిరిగి, సరస్సు ఒడ్డున ఉన్న మంచు కుప్పలో కూరుకుని, మా వైపు ముఖం పెట్టి ఆగింది.

మేమంతా పరిగెత్తాం. మేయర్ గారు టోపీ సరిచేసుకుంటూ దిగారు.

"గమనించారా! తిరుగు ప్రయాణానికి వ్యాను దానంతటదే సిద్ధమైపోయింది."

"నేను ఇటు తిప్పితే అది అటు పోయింది మేయర్ గారూ," అన్నాడు వైనో.

"అంటే నీ మాట వినలేదు. క్రమశిక్షణ లేదన్నమాట. చర్య తీసుకుంటాం."

"నా మీదా, వ్యాను మీదా?"

"కమిటీ తేలుస్తుంది."

వెర్నాన్ గారు వెనక తలుపు తీసి స్పేర్ టైరుని తట్టారు. "నేను చెప్పడం కాదు గానీ, మొత్తం బండిలో జారనిది నా టైరొక్కటే."

కమిటీ తేల్చింది. ముందు చక్రాలు జారలేదు కనక పిల్లల్ని ముందు సీట్లలో కూర్చోబెట్టాలంది. వెనక సీట్లు ఖాళీగా ఉంచడం తన పక్షానికి అవమానమని గాస్టన్ గారు బీచి నించి నిరసన తెలిపారు. పిల్లల పుస్తకాల సంచులు అక్కడ పెట్టేట్టు రాజీ కుదిరింది. జనంలో నమ్మకం పెంచడానికి మేయర్ గారు మరో అడుగు వేశారు.

"కౌన్సిల్ సభ్యుల పిల్లలూ మనవలూ సోమవారం నించి ఈ వ్యానులోనే బడికెళతారు. మా మనవరాలు బియాట్రిస్‌తో సహా!"

ఇలాంటి త్యాగం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు.

సోమవారం పొద్దున నేను నేలమాళిగలోంచి చెక్క జారుడుబండి తీశాను. దానికి చక్రాలుండవు. టిల్లీని కూర్చోబెట్టి, బండి ముందుకు ఉరక్కుండా వెనకనించి తాడు బిగబట్టి కొండ దిగడం మొదలుపెట్టాను. పక్కింటి ఫ్రీడా కిటికీ తీసింది.

"ఏంటే కోరా, వ్యాను వచ్చే వేళయితే?"

"వ్యాయామం వదినా. డాక్టరు చెప్పాడు."

ఫ్రీడా ఒక్క క్షణం ఆలోచించింది. "నాకూ చెప్పినట్టే గుర్తు. ఆగు, మా వాళ్ళని తెస్తా."

మర్నాటికి ఆ డాక్టరు కొండమీది అమ్మలందరికీ వ్యాయామం చెప్పేశాడు. జారుడుబండ్లు వరసకట్టి దిగుతున్నాయి.

బుధవారం నేను మా ఇంటి కంచె దాటుతుండగా మేయర్ గారి కారు మెల్లగా పక్కకొచ్చి ఆగింది. ఆయన అటూ ఇటూ చూసి, ముక్కు దాకా మఫ్లరు చుట్టిన బియాట్రిస్‌ని దింపారు.

"కోరా తల్లీ, నీ బండిలో కాస్త చోటుందా?"

"వ్యాను రాలేదా మేయర్ గారూ?"

"వస్తుంది, వస్తుంది. చక్కటి వ్యాను. దీనికే కడుపులో తిప్పుతుందని…"

"మీ కార్లో దింపెయ్యచ్చు కదండీ?"

"అయ్యో, జనం చూస్తే? వ్యాను మీద నమ్మకం పోదూ?"

నేను కారు చక్రాల వైపు చూశాను. నాలుగూ కొత్త వింటర్ టైర్లు, ఐసు మీద పట్టు కోసం బిగించిన ఇనప మేకులు మెరుస్తున్నాయి.

"నాలుగూ ఒకటే రకం వేయించారే."

"సొంత కారమ్మా," అన్నారాయన అద్దం ఎత్తుతూ. "అందులో పక్షాలు లేవు."

బియాట్రిస్ టిల్లీని వెనక్కి నెట్టింది. "నేను ముందే కూర్చుంటా. తాతయ్య చెప్పాడు."

మలుపు దగ్గర వ్యాను మమ్మల్ని దాటింది. లోపల పుస్తకాల సంచి కూడా లేదు. అది వెనక్కి తిరిగి దిగుతోంది. వైనో మాకు ఎదురుగా కూర్చుని చెయ్యూపాడు. జారుడుబండ్ల మీది పిల్లలందరూ ఊపారు. వ్యాను మంచు కుప్పలో తన మామూలు చోటికి వెళ్ళి ఆగింది.

శుక్రవారం పేపర్లో వ్యాను పక్కన నవ్వుతున్న మేయర్ గారి ఫొటో పెద్దదిగా వేశారు. వారమంతా వ్యానులో ఒక్క పిల్లకీ గీత కూడా పడలేదట. వచ్చే ఏడాది అంబులెన్సుకీ ఇదే విధానమట.

ఆ పేపరు నేను జారుడుబండి మీద పరిచాను. చెక్క చల్లగా ఉంటోందని బియాట్రిస్ అంది.