నడుం ఎత్తున వందసార్లు

సోమవారం ఉదయం ప్రార్థన అయ్యాక వ్యాయామ ఉపాధ్యాయురాలు షాహిస్తా తొమ్మిది మంది ఆడపిల్లలను మైదానంలో వరుసగా నిలబెట్టింది. శనివారం నరసరావుపేటలో స్కూళ్ల సాఫ్ట్‌బాల్ పోటీ. జట్టుకు తొమ్మిది మంది ఉండాలి. అంతమంది దిగకపోతే రెండు బ్యాట్లు, ఆరు బంతులు, గ్లవ్స్ ఉన్న సంచిని వేరే స్కూలుకు ఇచ్చేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. గురజాల అవతల ఉన్న ఆ ఊళ్లో ఈ ఆటకు ఒప్పుకున్నవాళ్లు సరిగ్గా తొమ్మిది మందే.

కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టాలని, మోకాళ్లు కొంచెం వంచాలని, చూపు బంతి మీద ఉండాలని ఆమె చెప్పింది. పిల్లలు బ్యాట్‌ను తలపైకెత్తి నేలకేసి కొట్టారు. కళ్లాల్లో కందికట్టె కొట్టిన చేతులవి.

"కందులు రాల్చేది కాదమ్మా" అంది షాహిస్తా. "ఎదురుగా మనిషి నిలబడ్డాడనుకో. నడుం ఎత్తున అడ్డంగా తిప్పు."

అలా చెప్పాక అందరికీ కుదిరింది. ఉన్నవి రెండు బ్యాట్లే కాబట్టి, రోజూ ఎండెక్కకముందు ఇంటి దగ్గర ఏదో ఒక కర్రతో వందసార్లు తిప్పమంది. బంతులు మాత్రం ఇవ్వలేదు. పోతే మళ్లీ రావు.

మంగళవారం ఆరు గంటలకు ఐదుగురు పిల్లలు ప్రశాంతి వాళ్ల వాకిట్లో చేరారు. ఆ వీధిలో సిమెంటు చేసిన వాకిలి వాళ్లదే. ప్రశాంతి తండ్రి నాగేశ్వరరావు మాజీ సర్పంచి. పక్క వీధిలో డాబా మీద మిరపకాయలు ఆరబోస్తున్న పుల్లమ్మ ఇప్పటి సర్పంచి. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఐదు కర్రలు ఒకేసారి లేచి ఒకేసారి తిరగడం పుల్లమ్మ వంద వరకూ చూసింది. కిందికి దిగి, అదే జట్టులో ఉన్న మనవరాలు ప్రియను పిలిచింది.

"ఏమే, నాగేశ్వరరావు వాకిట్లో ఆ కర్రలేంది?"

"ఆట నాయనమ్మా. సాఫ్ట్‌బాల్."

"ఆటైతే బంతేదే?"

"ముందు బంతి లేకుండా నేర్చుకోవాలంట. ఎదురుగా మనిషి ఉన్నాడనుకొని నడుం ఎత్తున కొట్టాలంట."

ప్రియ చెప్పింది అక్షరాలా నిజం. ఆ మనిషి తానేనని పుల్లమ్మ అనుకుంది. తమ వీధిలోని నలుగురూ ఇకనుంచి తన వాకిట్లోనే తిప్పాలని, రోజుకు రెండు వందలు తిప్పాలని చెప్పింది.

ఆ సంగతి తెలిసి బుధవారం నాగేశ్వరరావు తన వాకిట్లో లెక్కను మూడు వందలకు పెంచాడు. కంది కర్రలు పోయి పారపిడులు, పారపిడులు పోయి రోకళ్లు వచ్చాయి. గురువారం రెండు వాకిళ్ల ముందూ పెద్దవాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎవరో పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేశారు.

ఎస్సై వచ్చి తొమ్మిది రోకళ్లు, స్కూల్లోని రెండు బ్యాట్లు జప్తు చేశాడు. ఎన్నికలయ్యేదాకా గొడవలు చేయబోమని తహసీల్దారు ముందు నాగేశ్వరరావు చేత, పుల్లమ్మ చేత సంతకాలు పెట్టించి బైండోవర్ చేయించాడు. నలుగురికి మించి కర్రలతో ఒకచోట చేరకూడదని ఊళ్లో దండోరా వేయించాడు.

శుక్రవారం షాహిస్తా స్టేషన్‌కు వెళ్లి, తెల్లారి తొమ్మిది మంది దిగకపోతే సంచి పోతుందని చెప్పింది.

"తొమ్మిది మంది కుదరదమ్మా. నలుగురితో ఆడించు."

"నలుగురితో ఆడేది క్యారమ్స్ సార్."

ఇది ఆటేనని ఎస్సైకి నమ్మకం కలగలేదు. ఆమె బల్ల మీదున్న బ్యాట్ తీసి అతని చేతికే ఇచ్చింది. అతను పైకెత్తి కిందికి దించాడు.

"లాఠీ కాదు సార్. నడుం ఎత్తున."

పదోసారికి కుదిరింది. ఎస్సై షరతుల మీద ఒప్పుకున్నాడు. బస్సులో రెండు వీధుల పిల్లలు గొడవ పడకుండా స్టేషన్ వ్యానులో తీసుకెళ్తారు. బ్యాట్లు కేసు సొత్తు కాబట్టి కానిస్టేబుల్ దగ్గర ఉంటాయి. వంతు వచ్చిన పిల్లకు సంతకం తీసుకొని ఇస్తాడు, కొట్టగానే వెనక్కి తీసుకుంటాడు.

శనివారం నరసరావుపేట మైదానంలో వ్యాను ఆగింది. ఒక వైపు బల్ల మీద నుంచి ఐదుగురు, రెండో వైపు నుంచి నలుగురు దిగారు. వాళ్ల వెనక కానిస్టేబుల్ సల్మాన్ బ్యాట్లతో దిగాడు. ఎదుటి జట్టు టీచరు శాంతమ్మ వచ్చి, వీళ్లెవరని అతన్ని అడిగింది.

"బైండోవర్ అయినోళ్ల పిల్లలు మేడమ్" అన్నాడు సల్మాన్. "రోజుకి మూడొందలు కొడతారు. అందుకే కర్రలు మా దగ్గర పెట్టుకున్నాం."

శాంతమ్మ తన పిల్లలను లెక్కపెట్టుకుని బస్సెక్కించింది. అంపైరు పదిహేను నిమిషాలు చూశాడు. ఎదుటి జట్టు దిగకపోతే వచ్చిన జట్టుకు ఏడు పరుగులు ఇవ్వాలని నిబంధన. ఏడు, సున్నా అని రాసి సంతకం చేశాడు. సంచి స్కూలుకే మిగిలింది. తొమ్మిది మందిలో ఎవరూ బంతిని తాకలేదు.

సాయంత్రం వ్యాను ఊళ్లోకి వచ్చేసరికి నాగేశ్వరరావు, పుల్లమ్మ చెరొక పక్క నిలబడి ఉన్నారు. ఏడు పరుగుల తేడాతో గెలిచామని షాహిస్తా చెప్పింది. ఆ ఏడింటిలో తమ వీధివి ఎన్ని అని ఇద్దరూ అడిగారు.